నాగజెముడుకు పోసిన నీళ్ళు

ఈ ఉదయం నాగజెముడు కుండ మార్చుదామని, చేతులకు గోనెపట్ట చుట్టుకుని మొక్కను వంచి పాతమట్టి పెళ్ళగించగానే, ఎర్రమట్టీ ఏటి ఇసుకా పొయ్యి బూడిదా కలిసిన పొడివాసన గుప్పున కొట్టి, డెబ్బై ఏళ్ళ కిందటి ఉదయగిరిలో మా అవ్వ ముంగిట్లోకి నన్ను లాక్కుపోయింది.

నేను పాకే వయసులోనే కన్నతల్లి పోతే నన్ను పెంచింది మా నాయన తల్లి, ఆ అవ్వే. ఇంటికి దిష్టి తగలకుండా గడప పక్కన కుండలో నాగజెముడు పెంచేది. అమావాస్యనాడు తప్ప దానికి చుక్క నీళ్ళు పోయనిచ్చేది కాదు. కొండ వేడికి ఊరంతా తలుపులేసుకునే ఎండాకాలపు మధ్యాహ్నాల్లో, దాని ఎర్రటి పండ్లు కొడవలితో కోసి, నేలమీద దొర్లించి నూగుముళ్ళు రాల్చి, లోపలి నక్షత్రంలాంటి ముల్లు తీసి నా నోట్లో పెట్టేది. ఎర్రబడ్డ నాలుకను అద్దంలో చూసుకుని మురిసిపోయేదాన్ని.

నా ఎనిమిదో ఏట అవ్వ పోయింది. నాయన నన్నూ, వదలనని నేను కరుచుకున్న ఆ కుండనూ బస్సులో ఆత్మకూరు తెచ్చాడు. అక్కడ ఆయన రెండో భార్య, మా పిన్నమ్మ ఉంది. నాయన పొద్దస్తమానం అంగట్లోనే. పిన్నమ్మ మాట పెళుసు. ఆ ఇంట్లో నాతో మాట్లాడేందుకు మొక్క తప్ప ఎవరూ లేరు. అవ్వలో మిగిలింది అదొక్కటే అనుకున్నాను. దానికెంత దాహమో అని, నాకు తాగడానికిచ్చిన చెంబులో సగం రోజూ దాని మొదట్లో పోశాను. అమావాస్య మాట గుర్తులేక కాదు, అది అవ్వ పిసినారితనమనుకున్నాను, అబ్బో, ఎంత తెలివి! నెల తిరక్కుండానే మొదలు నల్లబడి, మెత్తబడి, కంపు కొట్టింది.

"ఏందే, దీన్ని ముంచి చంపినావే!" అంది పిన్నమ్మ. కత్తిపీట తెచ్చి, బాగున్న ఒక్క మట్టను కోసి, మిగతాదంతా దిబ్బలో పోసింది. ఆ మట్టను కూడా ప్రహరీగోడ మీద మండుటెండలో పడేసి లోపలికి పోయింది.

"మా అవ్వది! పారేసినావేంది?" అని గుండెలు బాదుకున్నాను. పదిరోజులు ఆమెతో మాట మానేశాను. అన్నం కూడా గోడవైపు తిరిగి తిన్నాను.

ఆ తర్వాత ఒక పొద్దున ఆమే మట్టను దించి చూపించింది. కోసినచోట ఎండి పక్కు కట్టింది. బూడిద కలిపిన మట్టిలో దాన్ని నిలబెట్టి, ఖాళీ చెంబు నా చేతికిచ్చింది.

"పచ్చిగా నాటితే కుళ్ళిపోతాదే. గాయం ఆరాల. అమావాస్యకు పోద్దువు, అందాకా దాని జోలికి పోబాక."

ఏడుపొచ్చింది. అయినా తప్పయిందని అనలేదు. ఆమె బతికినన్నాళ్ళూ ఒక్కసారీ 'అమ్మా' అనలేదు, మొండిదాన్ని.

అవ్వ ముంగిలి లేదు, పండ్లు నేలమీద దొర్లించుకు తినే పిల్లలు లేరు, పిన్నమ్మా పోయింది. అవ్వ ఆస్తి అని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను గానీ, ఇది బతికింది పిన్నమ్మ చేతిలో. ఈ ఉదయం ఒక మట్ట కోసి పిట్టగోడ మీద ఎండలో పెట్టాను. పారేసినావేంది అని నామీద అలిగేవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరు.