భామ చేతి గాజు

దయ్యాల కబుర్లు మొదలైతే నవ్వుతూ లేచి వెళ్లిపోయే మనిషిని నేను. హైదరాబాద్‌లో నా ఉద్యోగం, ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఒకసారి జరిగింది మళ్లీ అదే పని చేసినప్పుడు జరగకపోతే మేం నమ్మం. నువ్వే సరిగ్గా చూసి ఉండవు పో అంటాం. నేను చెప్పబోయేది సరిగ్గా అలాంటిదే. అందుకే ఇన్నేళ్లుగా ఆఫీసులో ఎవరి దగ్గరా నోరు విప్పలేదు.

మాది సిద్దిపేట. మా బాపు గొల్లభామ చీరలు నేసేవాడు. తలమీద పాలకుండ, చేతిలో చిన్న గిన్నెతో నడిచిపోయే భామ బొమ్మ ఆ చీరకు అందం. ఆ బొమ్మను మా అవ్వ, అంటే మా అమ్మ, గళ్ల కాగితం మీద వేసేది. ఒక్కో గడి ఒక్కో పోగు. బాపు మగ్గం కింద కాళ్లాడించే గుంటలో కూర్చుంటే, అవ్వ పక్కన పీట వేసుకుని వరుసలు చదివేది. మూడు ఎత్తు, రెండు వదులు, ఒకటి ఎత్తు. బాపు ఏనాడూ ఆ కాగితం వైపు చూడలేదు. అవ్వ గొంతు వింటూ నేసుకుపోవడమే ఆయనకు తెలుసు.

అవ్వ పోయాక భామను నేయడం మానేశాడు. కొన్నాళ్లు తువ్వాళ్లు నేశాడు, తర్వాత అవీ మానేశాడు.

ప్రత్యేక రాష్ట్రం కోసం కొట్లాట గట్టిగా సాగుతున్న రోజులవి. సెలవుకని వచ్చి, బంద్‌లు ఒకదాని వెనక ఒకటి రావడంతో ఇంట్లోనే చిక్కుపడ్డాను. అప్పుడే బాపు మెల్లగా సంగతి బయటపెట్టాడు. మగ్గం విప్పేసి గుంట పూడ్పిస్తాడట. వద్దని, మళ్లీ భామను నేయమని వెంటపడ్డాను. ఆ మగ్గం చప్పుడు వింటూనే నేను నడకలు నేర్చాను.

పెట్టె అడుగున అవ్వ కాగితం దొరికింది గానీ, ఒక పక్క చెదలు తినేశాయి. భామ గిన్నె పట్టుకున్న చెయ్యి మొత్తం పోయింది. చూసి నేయడానికి అవ్వ బొమ్మ ఉన్న చీర ఒక్కటీ మిగల్లేదు. ఉన్న ఒక్కదాన్నీ అవ్వ మీద కప్పి సాగనంపాం. వేరేవాళ్ల భామను చూసి నేయమంటే బాపుకు ఎక్కడలేని కోపం.

"గా చెయ్యి లెక్క దొర్కితే నేస్త. లేకుంటే గుంట పూడ్పిస్త. ఇగ నన్ను సతాయించకు బిడ్డా" అన్నాడు.

బొమ్మ ఫొటో ఇస్తే గళ్ల లెక్కగా మార్చే పాత ప్రోగ్రామ్ ఒకటి నా దగ్గర ఉంది. ఎవరో రాసి వదిలేసింది. నేరుగా ఎక్కిస్తే లాప్‌టాప్‌లో మిగతావాటిని చెడగొడుతుంది. అందుకని కంటైనర్‌లో నడిపాను. కంటైనర్ అంటే కంప్యూటర్ లోపల కట్టుకునే ఇంకో చిన్న గది. బయట ఏముందో దానికి తెలియదు. ఒక్క లైను కమాండ్ కొడితే గది లేస్తుంది, పని కాగానే గదితో సహా తుడిచిపెట్టుకుపోతుంది. దానికి నెట్ కూడా తీసేశాను. వస్తువు ఇచ్చిపుచ్చుకోవడానికి కిటికీలా ఒక ఫోల్డర్ మాత్రం ఉంచి, అందులో ఫోన్‌తో తీసిన ఆ కాగితం ఫొటో ఒక్కటే పెట్టాను. ఉన్న మేరకు లెక్క వస్తే, పోయిన చెయ్యి నేనే ఎలాగో పూరిద్దామని ఆశ.

పట్టపగలు. వీధి చివర నిరసనగా రోడ్డు మీదే వంటలు చేసుకుంటూ జనం డప్పు కొడుతున్నారు. కమాండ్ కొట్టాను. లెక్క వచ్చింది. చెయ్యి కూడా వచ్చింది, గిన్నెతో సహా.

ప్రోగ్రామే ఊహించి పూరించి ఉంటుందనుకున్నాను. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు. బాపును బతిమాలి గుంటలో కూర్చోబెట్టాను. మగ్గం మీద పాత తువ్వాల పడుగు మిగిలే ఉంది. లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, అవ్వ కూర్చునే పీట పక్కనే కూర్చుని చదవసాగాను. బాపు వేళ్లు మొదట తడబడ్డాయి, తర్వాత దారిలో పడ్డాయి.

మణికట్టు దగ్గర ఒక గడి చేతి గీత దాటి బయటికి వచ్చింది. ఫొటోలో దుమ్ము పడి ఉంటుందని చదవకుండా దాటేశాను.

బాపు చేతులు ఆగిపోయాయి. "ఒకటి ఇడ్సిపెట్టినవ్."

ఆయన తల కూడా ఎత్తలేదు. లాప్‌టాప్ తెర నా వైపు ఉంది.

"గాడ గాజుంటది. ఆడిమనిషి ఉత్తచేతుల్తోని బయటికి పోవద్దని మీ అవ్వ ఒక్క గడి ఎక్వ పెట్టేది. లెక్కలన్ని మర్సిన గని, గదొక్కటి యాదికున్నది."

గాజు సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఒకటి ఎత్తు, అని చదివాను. బాపు ఎత్తాడు.

భామ పూర్తయ్యాక నా ఉద్యోగపు బుద్ధి ఊరుకోలేదు. అదే ఫొటో, అదే కమాండ్, మళ్లీ నడిపాను. చెయ్యి లేదు, చెదలు తిన్నచోట అంతా ఖాళీ. ఇరవైసార్లు నడిపాను, ఇరవైసార్లూ ఖాళీయే. రెండో చెయ్యి చూసి పూరించిందా అంటే, అది కుండ పట్టుకుని పైకి లేచి ఉంది, దానికి గాజు లేదు. మొదటిసారి ఆ గదిలో ఏం జరిగిందో చూద్దామంటే, పని కాగానే అంతా తుడిచెయ్యమని కమాండ్‌లో రాసింది నేనే. ఫోల్డర్‌లో మొదటి లెక్క మాత్రం అలాగే ఉంది, ఆ మధ్యాహ్నం టైముతో.

నేనే పూరించి మరిచిపోయానేమో అని కూడా ఆలోచించాను. మరి తెలియని గాజును ఎక్కడినుంచి తెస్తాను? జవాబు వెతకడం మానేశాను. భయం మాత్రం ఒక్కనాడూ వేయలేదు.

రాష్ట్రం వచ్చింది. మా గుంట పూడలేదు. సెలవుకు వెళ్లినప్పుడల్లా లెక్క నేనే చదువుతాను. మణికట్టు వరుస దగ్గరికి వచ్చేసరికి ఊరికే ఆగి చూస్తాను. నేను చదవకముందే బాపు ఆ ఒక్క పోగు ఎత్తి, నా పక్కన ఖాళీగా ఉన్న అవ్వ పీట వైపు చూసి తల ఊపుతాడు.