కనురెప్ప మీది ఎర్ర బుడిపె: జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

పాఠక మహాశయులారా, ముందుగా చేతులు జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ ప్రయాణంలో జలపాతం లేదు, కోట లేదు, సెల్ఫీకి పనికొచ్చే కొండ అంచు అసలే లేదు. ఉన్నదల్లా మూడు బస్సులు, నాలుగు నెలల నా మేనకోడలు, ఆమె ఎడమ కనురెప్ప మీద ఒక ఎర్ర బుడిపె.

దోమ కుట్టినంత చుక్కగా మొదలైన ఆ బుడిపె ఇప్పుడు రేగుపండంత అయి, రెప్పను కిందికి లాగుతోంది. మా అక్క ఉండేది కోరుట్లలో, ఆమె అత్తగారి పుట్టిల్లు సిరిసిల్ల. అక్కడ పులిపిరికాయలకు గుర్రం తోక వెంట్రుక బిగించి ఊడగొట్టే పెద్దాయన ఉన్నాడు, దీనికీ కట్టిద్దామని అత్తగారి పట్టు. "బయోటెక్నాలజీ చదివినవ్ గదరా తమ్మీ, అచ్చి చెప్పు," అని అక్క ఫోన్ చేసింది. నా పట్టాకు అందిన మొదటి పిలుపు కనుక పొద్దున్నే జగిత్యాలలో బస్సెక్కి, గంటలో కోరుట్లలో దిగాను.

అక్కడి నుంచి అక్క, నేను అత్తమ్మా అని పిలిచే ఆమె అత్తగారు, పాప, నేను వేములవాడ బస్సు ఎక్కాం. ఆడవాళ్లు ఉచిత టికెట్‌కు ఆధార్ చూపించారు, పాప ఏమీ చూపించలేదు. టికెట్ కొన్న ఏకైక ప్రయాణికుణ్ణైనా నాకు కిటికీ సీటు దక్కలేదు. కథలాపూర్ దాటాక ఉపన్యాసం ఎత్తుకున్నాను. రక్తనాళాల లోపలి గోడకు పలకలు పరిచినట్టు ఎండోథీలియల్ కణాలుంటాయి. బిడ్డ పుట్టిన కొన్ని వారాలకు అవి ఒకచోట అదుపు తప్పి ఒకటి రెండై, రెండు నాలుగై, కొత్త నాళాల కుప్ప పోస్తాయి. అదే ఈ బుడిపె. ఇది క్యాన్సర్ కాదు, వేరే చోటికి పాకదు. పైగా వీటి మీదుండే గ్లట్-1 ప్రోటీన్ చర్మంలోని మామూలు నాళాల మీద కనిపించదు, పురిటిలో పడే మాయ నాళాల మీద కనిపిస్తుంది.

"రాత్రి ఫోన్లనే చెప్పకపోతివి పిలగా, మంచిగ నిద్రవట్టేది," అంది అత్తమ్మ. అంతలోనే, "అంటే మా పుట్టింట్ల సాంచాలు ఆర్డర్ అయిపోయినంక గూడ నేసినట్టా?"

మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలే అంటారు. పరవశించిపోయాను. "అచ్చం గట్లనే అత్తమ్మా!"

"మరి బంద్ ఎప్పుడైతయి?"

"కొన్ని నెలలకు పెరుగుడు ఆగుతది. తర్వాత ఏండ్ల మీద దానంతటదే కరుగుతది, ఆ జాగల కొంత కొవ్వు మిగుల్తది."

"ఇంకేంది మరి! వెంట్రుకా వద్దు, డాక్టరూ వద్దు. ఊకుందాం."

నా ఉపన్యాసం సాధించిన ఘనత అది. అక్క నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

వేములవాడ బస్టాండులో సిరిసిల్ల బస్సు కోసం కూర్చున్నాం. అత్తమ్మ కొంగు ఊపుతుంటే పాప కిలకిల నవ్వుతోంది. అక్క పాప కుడి కన్నును అరచేత్తో మూసింది. నవ్వు ఆగిపోయింది. కొంగు ఊగుతూనే ఉంది, పాప మాత్రం ఏడుపు ముఖం పెట్టి చేతిని తోసేస్తోంది. చెయ్యి తీయగానే మళ్లీ నవ్వింది.

"కండ్లు చూసుడు నేర్సుకునేది గీ నెలలల్లనే అత్తమ్మా. టీకాలప్పుడు నర్సమ్మ చెప్పింది. బుడిపె కరిగెదాక ఊకుంటె గీ కన్నుకు చూపు రాదు," అంది అక్క.

అత్తమ్మ కొంగు వెనక్కి తీసుకుంది. సిరిసిల్ల బస్సులో పాపను తన ఒళ్లోకి తీసుకుంది. దిగగానే ఆటో అతను పాపను చూసి, "గుర్రం వెంట్రుకాయన కాడికేనా అమ్మా?" అన్నాడు.

"ముచ్చట బంద్ చేసి పిల్లల డాక్టర్ కాడికి పోనియ్," అంది అత్తమ్మ.

డాక్టరమ్మ గుండె, బరువు చూసి, బీపీకి వాడే మందునే నోట్లో వేసే చుక్కలుగా మొదలుపెట్టింది. అది ఆ నాళాలను ముడుచుకునేలా చేసి, పెరుగుదలను ఆపుతుందట. పాలు తాగించాకే వేయాలి. మొదటి మోతాదుకు కొన్ని గంటలు అక్కడే ఉండాలి, కంటి డాక్టర్‌కూ చూపించాలి. వెంట్రుక కడితే పుండై రక్తం కారేదని కూడా చెప్పింది. అత్తమ్మ వరండాలోకి వెళ్లి, ఊళ్లోనే ఉన్న తన అక్కకు ఫోన్ చేసి, అందరికీ వినబడేలా అంది: "గిసొంటి ఎర్రవాటికి వెంట్రుక కట్టద్దని గాయనకు చెప్పు. మా కోడలు కనిపెట్టింది!"

నేను చాలా ఊళ్లు తిరిగాను, చాలా కొండలెక్కాను. ఆ వరండాలో పొంగినంతగా నా ఛాతీ ఏ శిఖరం మీదా పొంగలేదు. మీ ఇంట్లో పాపకు కన్ను, ముక్కు, నోటి దగ్గర ఇలాంటి ఎర్ర బుడిపె పెరుగుతుంటే, వారం వారం ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆలస్యం చేయకుండా ఆ ఫొటోలతో పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎంత వేగంగా పెరుగుతోందో అవే చెబుతాయి.

ఇక నిజం ఒప్పుకుంటాను. ఆ రోజు నేను అక్కరకొచ్చింది ఒక్కసారే. డాక్టరమ్మ స్టెతస్కోపు పెడుతుంటే పాప గింజుకుంది. "ఎవరన్నా ఏమన్నా చెయ్యండి," అందామె. బయోటెక్నాలజీ పట్టభద్రుణ్ణైన నేను, నిండు ఓపీ గదిలో, పిల్లిలా అరిచాను. పాప కదలకుండా నా వైపు తిరిగింది. ఎర్ర బుడిపె కింది నుంచి ఆ సగం కన్ను కూడా నన్నే వెతికింది.