వెనక నుంచి కేక

గోల్‌కీపర్‌కి ఉన్న ఒకే ఒక్క సుఖం మైదానం మొత్తం కనబడటం. మిగతా పదిమందీ బంతి వెంట పడి చస్తుంటే నేను నిలబడి చూస్తాను. చూసినవాళ్లే చెప్పాలి కాబట్టి కేకలు వేయడం నా పని. తొమ్మిదేళ్లు అదే చేశాను. ఇప్పుడు ఆటలు నేర్పే స్కూల్లో పిల్లలు "టీచర్, మీ గొంతు ఎందుకలా ఉంటుంది" అని అడుగుతుంటారు. పదిమంది ఆడవాళ్లను తొమ్మిదేళ్లు అదిలిస్తే ఏ గొంతైనా ఇలాగే తయారవుతుంది.

మాది ఖరగ్‌పూర్‌లో జీతాలిచ్చి నడిపిన ఆడవాళ్ల ఫుట్‌బాల్ జట్టు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ వైపున్న ఒక కంపెనీ దాన్ని నడిపేది. మేం ప్రొఫెషనల్ అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. మా అమ్మ మాత్రం చివరిదాకా ఒప్పుకోలేదు. ఝపటాపూర్‌లో మా వీధివాళ్లు నేనేం చేస్తున్నానని అడిగితే "ఏటి సేస్తాది, బంతి పట్టుకుంటాది" అనేది. నా ఉద్యోగం గురించి అంతకంటే సరిగ్గా నేనూ చెప్పలేను.

జట్టులో బెంగాలీ పిల్లలు, ఝార్ఖండ్ పిల్లలు, మణిపూర్ నుంచి వచ్చిన ఇద్దరు ఉండేవారు. తెలుగువాళ్లం ఇద్దరమే. నేను, నా ముందు డిఫెన్స్‌లో ఆడే ఒక అమ్మాయి. నాకంటే పదేళ్లు చిన్నది. మా నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యాడు, వాళ్ల నాన్న ఇంకా అక్కడే ఫిట్టర్. రెండు కుటుంబాలూ తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవే. మా ఇళ్లలో అక్కని అప్ప అంటాం. ఆ పిల్ల మొదటి రోజు నుంచీ నన్ను అప్పా అనే పిలిచింది. నేను దాన్ని గుంటా అని, అంటే పిల్లా అని పిలిచేదాన్ని.

మైదానంలో మేమిద్దరం తెలుగులోనే మాట్లాడుకునేవాళ్లం. బయటి ఊళ్లలో అవతలి జట్టుకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా ఊళ్లో ఆ ఎత్తు పారేది కాదు, సగం ఊరికి తెలుగు వచ్చు. అన్ని కేకల్లోకీ ముఖ్యమైనది ఒకటుంది. బంతి గాల్లో వస్తుంటుంది. నా ముందున్న డిఫెండర్ దాన్ని తన్నబోతుంది. కానీ తన వెనక ఏముందో తనకి కనబడదు, నాకు కనబడుతుంది. బంతి నేను పట్టుకోగలిగితే "ఒగ్గీ!" అని అరుస్తాను. వదిలెయ్ అని. అప్పుడు ఆ పిల్ల కాలు వెనక్కి తీసుకోవాలి, అంతే. నిజమా అని తిరిగి చూసిందా, ఆ అరక్షణంలో గోల్ పడిపోతుంది.

మిగతా డిఫెండర్లకు ఇది నేర్పలేక నా తల ప్రాణం తోకకొచ్చింది. మనిషన్నాక తిరిగి చూడాలనిపిస్తుంది మరి. ఈ పిల్ల మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. అవతలి మనిషి మీదికొచ్చేస్తున్నా, నా గొంతు వినబడితే చాలు, కాలు తీసేసేది. ఒకసారి అడిగాను, నీకు భయమెయ్యదా అని. "నువ్వున్నావు గదప్పా ఎనకాల" అంది. ఆ మాటకి నేను వారం రోజులు పొంగిపోయాను. అదీ నా బుద్ధి.

ఆఖరి సీజన్ సగంలో ఉండగా మేనేజర్ నన్ను పిలిచాడు. బెంగాలీ మనిషి, అన్నా అన్నట్టు అందరం దాదా అనేవాళ్లం. చెడ్డవాడు కాదు. ఈ సీజన్‌తో కంపెనీ జట్టుని ఆపేస్తోందని, కెప్టెన్ని కాబట్టి నాకు ముందుగా చెబుతున్నానని అన్నాడు. ఆఖరి మ్యాచ్ అయ్యేదాకా ఎవరికీ తెలియకూడదట. తెలిస్తే పిల్లలు మధ్యలోనే వేరే దారి చూసుకుంటారు, పదకొండు మంది కూడా మిగలరు అన్నాడు. "ఠీక్ హై, దీదీ?" అన్నాడు. ఠీక్ హై అన్నాను. ఆయన చెప్పొద్దన్నాడు గాని అబద్ధం చెప్పమనలేదు. ఆ అబద్ధం పూర్తిగా నా సొంతం.

వారం తిరక్కుండానే ఆ పిల్ల నా దగ్గరికి ఒక కాగితం తెచ్చింది. ప్రాక్టీసయ్యాక కుళాయి దగ్గర బూట్లకంటిన బురద కడుక్కుంటున్నాను. రైల్వేలో క్రీడాకారులకిచ్చే ఉద్యోగాల సెలక్షన్లు. వేరే ఊళ్లో రెండు రోజులు. సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే మాకు బయటి ఊళ్లో మ్యాచ్ ఉంది.

మా ఊరి తెలుగిళ్లలో రైల్వే ఉద్యోగమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. వాళ్లింట్లో ఇంకో సంగతి కూడా ఉంది. వాళ్ల నాన్న వచ్చే వేసవిలో రిటైరవుతాడు. ఈలోగా కూతురికి రైల్వేలో ఉద్యోగమొస్తే క్వార్టర్ దాని పేరుకు మార్పించుకోవచ్చని ఆయన ఆశ. ఆ పిల్ల పుట్టింది ఆ క్వార్టర్లోనే. వాళ్లమ్మ పోయింది కూడా అక్కడే. కింద పెరట్లో ఆవిడ వేసిన కరివేపాకు చెట్టు ఇప్పుడు పై అంతస్తులో వాళ్ల కిటికీ దాకా ఎదిగింది. ఇవన్నీ నాకు తెలుసు. తెలీదని తప్పించుకునే దారి నాకు లేదు.

"అప్పా, ఎల్లమంతావా?" అంది.

నేను బూటు కడుగుతూనే ఉన్నాను. నా కళ్ల ముందు సెలక్షన్లు లేవు, క్వార్టర్ లేదు. ఆ బయటి ఊరి మ్యాచ్ ఉంది. అది మాకంటే పై జట్టు, వాళ్ల ఫార్వర్డ్ మమ్మల్ని కిందటేడు ఉతికి ఆరేసింది. ఈ పిల్ల లేకుండా వెళితే నేను నాలుగో అయిదో గోల్స్ తింటాను. ఇక ఆడబోయే మ్యాచ్‌లు కొన్నే అని నాకు తెలుసు. వాటిలో ఒకటి అలా పోవడం నాకిష్టం లేదు. ఇంత చిన్న కారణం. పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు వెతుక్కున్నాను. దొరకలేదు.

"వచ్చే ఏడాది మన టీము ఉంటాది కదప్పా? ఉంటే ఈసారికి మానేస్తాను. మల్లీ పడినప్పుడు ఎల్తాను."

"ఉంటాది" అన్నాను. "సలికాలంలో ఇంకోపాలి పడతాయి సెలక్షన్లు. ఇప్పుడు ఒగ్గీ."

చలికాలంలో పడతాయని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. నోటికొచ్చింది అనేశాను. ఆ పిల్ల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. ఎందుకు, ఏమిటి అని ఒక్క ప్రశ్న అడగలేదు. వాళ్ల నాన్నకి నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టిందట. "అప్ప సెప్పింది నానా" అందట. ఆ మాటతో ఆయన ఒప్పుకున్నాడట. నేనంటే ఆ ఇంట్లో అంత గురి.

ఆ మ్యాచ్ ఒక్క గోల్ తేడాతో గెలిచాం. నేను గోల్ తినలేదు. అందరూ నన్ను ఎత్తుకుని గెంతారు. నిజానికి ఆ పిల్లే అడ్డం పడి రెండుసార్లు కాపాడింది, మోకాలు చీరుకుపోయింది. తిరుగు ప్రయాణంలో రైల్లో నా పక్కనే కూర్చుని మోకాలికి పసుపు మందు రాసుకుంటూ, "వొచ్చినందుకు మంచిదయింది కదప్పా" అంది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. సెలక్షన్లు అప్పటికే అయిపోయాయి, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. పిరికివాళ్లకు ఇలాంటి లెక్కలు భలే కుదురుతాయి.

చలికాలం వచ్చింది. సెలక్షన్లు పడలేదు. "ఈసారి లేటయినట్టుంది" అని అదే నాకు సర్దిచెప్పింది.

ఆఖరి మ్యాచ్ మా మైదానంలోనే జరిగింది. డ్రా అయింది. డ్రెస్సింగ్ రూమ్‌లో దాదా లేచి నిలబడి సంగతి చెప్పాడు. మణిపూర్ పిల్లలు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఎవరో బూటు తీసి గోడకేసి కొట్టారు. నేను బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను. అంతలో నా భుజం మీద చెయ్యి పడింది. ఆ పిల్ల.

"ఊరుకో అప్పా. తొమ్మిదేళ్లు ఆడినావు. మాకన్నా నీకే ఎక్కువ బాద."

నాకు కన్నీళ్లొచ్చాయి. అవి సిగ్గుతో వచ్చినవి. దిగులుతో వచ్చాయనుకుని అది తన తువ్వాలు నా చేతికిచ్చింది. నేను దానితో ముఖం తుడుచుకున్నాను. దాదా ఒక్కసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. ఆ గదిలో నిజం తెలిసిన రెండో మనిషి ఆయన. నాకు తల కొట్టేసినట్టయింది.

తర్వాత నాకు ఊళ్లోనే మలంచా వైపు ఒక స్కూల్లో ఉద్యోగం దొరికింది. ఆ పిల్లకి ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని దొరికింది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అప్పా, మా లైన్లో అందరికన్నా నేనే పొడుగు, పై అరలన్నీ నా కాతాలోనే" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. వేసవిలో వాళ్ల నాన్న రిటైరయ్యాడు. గడువు అయిపోయాక క్వార్టర్ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఝపటాపూర్‌లో మా ఇంటికి నాలుగిళ్ల అవతల రెండు గదులు అద్దెకి చూసిపెట్టింది నేనే. అలాంటి పనులకు ఆ రోజుల్లో నేను ఎగబడేదాన్ని.

సామాను దించడానికి ఆదివారం పొద్దున్నే వెళ్లాను. క్వార్టర్ పై అంతస్తులో ఉంది, మెట్లు ఇరుకు. కింద వాళ్ల నాన్న వ్యాన్‌కి తాళ్లు కడుతున్నాడు. ముందు పెద్ద ట్రంకు పెట్టె పట్టుకున్నాం. కింది వైపు ఆ పిల్ల, పై వైపు నేను. కింది వైపు పట్టుకున్న మనిషి వెనక్కి నడుస్తూ దిగాలి.

"సెప్పప్పా" అంది.

"రా. ఇంకోటి. ఇంకోటి. మలుపు, ఎడమ పక్కకి. రా."

ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నా ముఖంలోకే చూస్తూ, కాలు గాల్లో పెడుతూ, నేను చెప్పిన చోట మెట్టు ఉంటుందని నమ్మి దిగింది. ఒక మెట్టు అంచు విరిగి ఉంది. చెప్పకపోతే పడిపోయేదే. చెప్పాను.

మళ్లీ పైకొచ్చాం. బీరువా మిగిలింది. ఖాళీ గదిలో ఇద్దరమే ఉన్నాం. ఇంకోసారి అలా దించడం నా వల్ల కాదనిపించింది.

"గుంటా, టీము ఆపేస్తారని నాకు ముందే తెలుసు" అన్నాను.

అది బీరువా తలుపుకి గుడ్డ కడుతోంది. "ఎంత ముందు?"

"నువ్వు కాగితం తెచ్చినప్పటికే."

గుడ్డ ముడి వేసింది. లాగి చూసింది. "మరి సలికాలంలో పడతాయన్నావు? అదెవులు సెప్పినారు నీకు?"

"ఎవులూ సెప్పనేదు."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని నిజంగా కోరుకున్నాను. నేనే దాని స్థానంలో ఉంటే ఆ బీరువా నా మీదికే తోసేదాన్ని. అది కిటికీ దగ్గరికి వెళ్లి కరివేపాకు చెట్టు వైపు కాసేపు చూసింది. తిరిగొచ్చి, "పట్టుకో. నానకి ఎండెక్కిపోతంది" అంది.

ఎప్పటిలాగే కింది వైపు తనే పట్టుకుంది. మెట్ల దగ్గరికి రాగానే, అలవాటు కొద్దీ నేను "రా" అన్నాను. అది కదల్లేదు. బరువంతా మోచేతుల మీదికి తీసుకుని, మెడ తిప్పి, భుజం మీదుగా కిందికి చూసుకుంది. మెట్టు కనబడ్డాక కాలు పెట్టింది. ఆగింది. మళ్లీ తిరిగి చూసుకుంది. మళ్లీ ఒక కాలు. ట్రంకు దించడానికి రెండు నిమిషాలు పట్టింది. ఈసారి సగం దూరానికే అంతకు రెండింతలు పట్టింది. నేను నోరు మూసుకుని పై నుంచి మోస్తూ వచ్చాను.

కింద నుంచి వాళ్ల నాన్న చూసి కంగారుపడ్డాడు. "ఏటమ్మా, మాటాడకుండా దించతన్నావు? పైనించి సెప్పమ్మా. దానికి ఎనకాల ఏటుందో ఏటి తెలస్తాది?"

"అక్కర్నేదు నానా" అంది ఆ పిల్ల, విరిగిన మెట్టు వైపు చూస్తూ. "నేను సూసుకుంతన్నాను."