పోస్టు తప్పకూడదని

“సారూ, నా ఫొటో పెట్టేముందు నన్నొక్క మాట అడిగినవా?” కేసముద్రం మార్కెట్ యార్డులో గింజలు ఊడ్చుకునే ఒకామె అందరి ముందు నిలదీసింది.

పత్రిక ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఫేస్‌బుక్‌లో రోజూ ఏదో ఒకటి రాస్తున్నాను. అంతకుముందు వారం ఒకరోజు ఏమీ తోచక, ఆమె రాలిన మొక్కజొన్న గింజలు ఎత్తుకుంటున్న ఫొటో పెట్టేశాను.

“కాలేజీల నా బిడ్డను నవ్విన్రట, ‘మీ అవ్వ గింజలేరుకుంటదా’ అని. ఇగ పోనంటున్నది.”

“తీసేస్తానమ్మా.”

“ఇప్పుడు తీస్తేంది? అందరి ఫోన్లల్లకు పోయింది!”

విలేకరిగా ముప్పై ఏళ్లు అడగకుండా ఎవరి ఫొటో వేయలేదు. రోజు తప్పకూడదన్న ఆరాటంలో ఆ మర్యాద మరిచాను. పోస్టు తీసేసి నెలైంది. ఆ అమ్మాయి ఇంకా కాలేజీకి వెళ్లడం లేదు.