పులి నీళ్ళు తాగి వెళ్ళిపోయింది

మా వదిన పోయింది. పోయిన ఆదివారం పొద్దున్న అన్నయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ వదిన ఎంత పిలిసినా పలకట్లేదు" అన్నాడు. జబ్బు సంగతి అందరికీ తెలుసు. డాక్టర్లు చెప్పాల్సింది చెప్పేశారు. అయినా ఆ మాట వినగానే ఉన్నపళాన బయల్దేరాను. పక్క వీధిలో వాళ్ళింటికి వెళ్ళడానికి అంతసేపు పట్టడం నా జన్మలో ఎప్పుడూ లేదు.

నర్సీపట్నంలో కొందరికైనా ఆవిడ బొమ్మలు తెలిసే ఉంటాయి. అన్నయ్యది శుభలేఖలు అచ్చువేసే చిన్న ప్రెస్సు. ముందు గదిలో మిషను, వెనక గదుల్లో కాపురం. పెళ్ళిళ్ళ సీజను అయిపోయాక మిగిలిన కాగితంతో వదిన ఏడాదికో బొమ్మల కథ పుస్తకం వేయించేది. అమ్మేది కాదు. శ్రావణమాసంలో పేరంటానికి పిలిచి, అరటిపండు, నానబెట్టిన శనగలు, జాకెట్టు ముక్కతో పాటు తాంబూలంలో ఆ పుస్తకం పెట్టి ఇచ్చేది. ఆ వీధి ఆడవాళ్ళు జాకెట్టు ముక్క లేకపోయినా ఊరుకునేవాళ్ళేమోగాని పుస్తకం లేకపోతే గుమ్మం దిగేవారు కాదు.

ఏం బొమ్మలండీ అవి! రావికమతంలో పుట్టి పెరిగిన మనిషి, చెరకు తోట గీస్తే ఆకు అంచు వేలికి కోసుకుంటుందేమో అని భయం వేసేది. కృష్ణదేవిపేట వెళ్ళే షేర్ ఆటోకి వెనక వేళ్ళాడుతున్న జనాన్ని గీస్తే, వాళ్ళలో ఎవడు పొద్దున్నే పెళ్ళాంతో గొడవపడి వచ్చాడో మొహం చూసి చెప్పేయొచ్చు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వంటయ్యాక గట్టు తుడుచుకుని, దాని మీదే కాగితం పరిచి, నించునే గీసేది. కూర్చుంటే గీత బద్ధకిస్తుందట.

ఇక కథ. కథ దగ్గరికి వచ్చేసరికి మా వదినంత దద్దమ్మ ఇంకొకరు ఉండరు. బతికుండగా ఈ మాట మొహం మీదే అనేదాన్ని. పోయింది కదా అని ఇప్పుడు మార్చి చెబితే ఆవిడే నవ్వుతుంది.

పులి పుస్తకం సంగతి చెబుతాను. ఏజెన్సీ కొండల్లో ఒక పిల్లవాడు మంచులో ఒంటరిగా సంతకి వెళ్తుంటాడు. పేజీ తిప్పితే మిరియాల తీగల వెనక రెండు కళ్ళు. ఇంకో పేజీ తిప్పితే రెండు పేజీలూ నిండిపోయేలా పులి. మీసాల మీద మంచు చుక్కలతో సహా గీసింది. నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. గబుక్కున తర్వాతి పేజీ తిప్పాను. పులి వాగులో నీళ్ళు తాగి వెళ్ళిపోయింది. పిల్లవాడు సంతకి వెళ్ళి చీపుర్లు అమ్ముకుని ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. సమాప్తం.

"ఏంటి వదినా ఇది? పులిని తెచ్చి నీళ్ళు తాగించి పంపేస్తావా?" అన్నాను.

"మరేటి సెయ్యమంటావే?"

"మీద పడాలి. వాడు చెట్టెక్కాలి. కనీసం చీపుర్లైనా పోవాలి."

వదిన ఆ పిల్లవాడి బొమ్మ మీద వేలు పెట్టింది. "ముక్కూ మొకం గీసీసినాక ఆడు మనోడైపోతాడు కదేటి. మనోడి మీదకి మనవే పులిని ఎలా తోలతామే?" అంది.

అదీ ఆవిడ గొడవ. ఎవరిని గీస్తే వాళ్ళు ఇంట్లో మనుషులైపోయేవారు. ఘాట్ రోడ్డు మీద ఆటోకి బ్రేకులు పోతే పక్క పేజీలో రోడ్డు దానంతటదే ఎగువకి తిరిగేది. జీడితోటలో దొంగ పడితే, పట్టుకుని టార్చి వేసి చూసేసరికి మేనమామ అయ్యుండేవాడు, కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చేవారు. చదువుతుంటే నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చేవి.

నేను పత్రికలకి కథలు రాస్తుంటాను. అందుకని వదినకి నా మాట అంటే అంత పట్టింపు. ఊరంతా బొమ్మల్ని మెచ్చుకుంటున్నా ఆవిడకి చాలేది కాదు. "బొమ్మలు నా సెయ్యి గీసీస్తాది. దానికి నన్ను పొగడ్డమేటి? కథ కదా నాను సెప్పింది" అనేది. నా నోటి వెంట ఒక్కసారి 'కథ బాగుంది' అనిపించుకోవాలని ఆవిడ కోరిక. ఏటా పుస్తకం నా చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నేను చదువుతున్నంతసేపూ నా మొహమే చూసేది. ఏటా నేను "బొమ్మలు అద్భుతం వదినా" అనేదాన్ని. "కథో?" అనేది. నేను పుస్తకం మూసేదాన్ని. "సరే, కాఫీ తాగుతావా?" అని లేచేది.

ఒకసారి పేరంటం పిలవడానికి ఎవరింటికో వెళ్ళి, ముఖం మాడ్చుకుని తిరిగొచ్చింది. ఆ ఇంటావిడ పులి బొమ్మ పేజీలు చింపి, ఫ్రేము కట్టించి టీవీ పైన పెట్టుకుందట. "బాగానే ఉంది కదా, గొప్ప గౌరవం" అన్నాను. "మిగతా పేజీలేవీ అని అడిగాను. వాటిల్లో పకోడీలు కట్టీసిందట" అంది. అని తనే నవ్వింది, నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు నేనే ఒక కథ రాసిచ్చాను. ఎస్. రాయవరం వైపు ఒక రైతు, అతని గేదె. వానల్లో గేదె జబ్బుపడి చచ్చిపోతుంది, ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. వదిన బుద్ధిగా గీసుకుంటూ వచ్చింది. ఆఖరి పేజీ చూస్తే కింద నా వాక్యం: 'గేదె చచ్చిపోయింది.' పైన బొమ్మలో గేదె నిక్షేపంగా నిలబడి, నిగనిగలాడుతూ, నోటి నిండా గడ్డి నములుతోంది. "వదినా!" అని అరిచాను. "నువ్వు రాసింది నువ్వు రాసావు, నాను గీసింది నాను గీసాను" అంది. ఆ పుస్తకం అలాగే అచ్చయింది. పిల్లలందరూ బొమ్మనే నమ్మారు.

తర్వాత క్యాన్సరన్నారు. విశాఖ తీసుకెళ్ళి మందు ఎక్కించి తీసుకొచ్చేవాళ్ళం. ఆ మందులకి వేళ్ళు తిమ్మిరెక్కిపోయాయి. పెన్ను పట్టు దొరికేది కాదు, గీత వణికేది. ఇంత ఒంట్లో ఇంకెక్కడా చోటు దొరకనట్టు ఆ వేళ్ళ మీదే పడాలా? దేవుడి గదిలోకి వెళ్ళి ఈ మాట గట్టిగానే అడిగాను.

అలాంటి చేత్తోనే ఆఖరి పుస్తకం గీసింది. మంచం మీద కూర్చుని, ఒళ్ళో దిండు పెట్టుకుని, దాని మీద అట్ట వేసుకుని. పోయిన నెల ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించి కాగితాలు చేతిలో పెట్టింది.

జీడితోట పక్కన ఉండే ఒక ముసలామె కథ అది. తనకిక ఎక్కువ రోజులు లేవని ఆమెకి తెలిసిపోతుంది. ఎవరికీ చెప్పదు. పక్కింటి కొత్త కోడల్ని పిలిచి జీడిపిక్కలు ఎలా కాల్చాలో, చేతులు బొబ్బలెక్కకుండా పప్పు ఎలా తియ్యాలో నేర్పడం మొదలెడుతుంది. "నువ్వున్నావు కదా మామ్మా, నాకెందుకు ఈ పొగ?" అని కోడలు విసుక్కుంటుంది. ముసలామె మళ్ళీ మొదటినుంచి చూపిస్తుంది. ఒక పొద్దున్న ముసలామె ఇంటి తలుపు తెరుచుకోదు.

ఇది మా వదిన కథ, పేజీ తిప్పితే ముసలామె పెరట్లో కోళ్ళకి నూకలు చల్లుతూ ఉంటుందిలే అనుకున్నాను. తిప్పాను. లేదు. పొయ్యి ముందు కోడలు ఒక్కతే కూర్చుని పిక్కలు కాలుస్తోంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. అంతే, ఇంక పేజీలు లేవు.

తల ఎత్తాను. వదిన ఎప్పటిలాగే నా మొహమే చూస్తోంది.

"బొమ్మలు సూడనేదు నువ్వు" అంది. "బేగి బేగి తిప్పీసావు."

నిజమే, చూడలేదు. అప్పుడు వెనక్కి తిప్పి చూశాను. కోడలి ముక్కు ఒక పేజీలో ఒకలా ఉంది, ఇంకో పేజీలో ఇంకోలా ఉంది. గీతలన్నీ వంకర్లు. ఒకప్పుడు మీసం మీది మంచు చుక్క గీసిన చెయ్యి అది.

"కథ బాగుంది వదినా" అన్నాను.

ఆవిడ కాగితాలు నా చేతిలోంచి ఒళ్ళోకి తీసుకుంది.

"ఇంకో పేజీ గియ్యి" అన్నాను. "ముసల్దాన్ని లేపు. కోళ్ళకి నూకలు వెయ్యనీ. పొద్దెక్కేదాకా పడుకుండిపోయాననమను."

"అదేటే? ఇప్పుడే కదా బాగుందన్నావు!"

"బాగోకపోయినా ఫర్వాలేదు. లేపు."

వదిన నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. చల్లగా ఉన్నాయి ఆ వేళ్ళు. "ఇన్నేళ్ళకి కుదిరిందే తల్లీ" అంది. "సెడగొట్టమనకు."

నేను వెక్కి వెక్కి ఏడవసాగాను. ఆవిడ మాత్రం నా తల మీదుగా ముందు గది వైపు చూసి, ఉన్న ఓపికంతా కూడదీసుకుని కేకేసింది. "ఏవండీ! మీ సెల్లికి నచ్చిందంటండీ!"

అక్కడ మిషను ఆడుతోంది. అన్నయ్యకి సరిగ్గా వినపడలేదు. "ఏటి? బొమ్మలా?" అని అక్కణ్ణుంచే అడిగాడు.

వదిన మళ్ళీ చెప్పబోయింది, దగ్గు తెర వచ్చింది. అన్నయ్య కంగారుగా మిషను ఆపేసి, సిరా చేతులతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇల్లంతా ఒక్కసారి చడీచప్పుడు లేకుండా అయిపోయింది. వదిన మంచం పట్టె పట్టుకుని నిటారుగా లేచి కూర్చుంది.

"బొమ్మలు కాదండీ" అంది. "కథ."