మైకులో పిలుపు

మా చైతన్యపురి హాస్టల్లో వంట చేసే ఆంటీని ఒక ఆదివారం నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాను. మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు చదివినప్పుడల్లా ఆమె టక్కున ఆగిపోయేది. ఆ పేరును తనూ మెల్లగా పలికి, "పాపం, జల్ది దొరకాలె" అనేది.

గాజుల దుకాణాల రద్దీలో చివరికి ఆమే తప్పిపోయింది. ఫోన్ హాస్టల్లోనే మరిచి వచ్చింది. నేను మైకు గదికి పరుగెత్తాను.

"పేరేంది?" అన్నాడు మైకతను.

రెండేళ్లుగా ఆమె చేతి అన్నం తింటున్నా, ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు.

"చైతన్యపురి హాస్టల్ వంట ఆంటీ" అని చెప్పాను. మైకులో అలాగే పిలిచారు.

కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది. ఆ ముఖం వెలిగిపోతోంది.

"నన్నే పిలిచిండ్రు గదా! మల్లొక్కసారి పిలువుమను బిడ్డా, ఈసారి పేరు వెట్టి. పట్నమొచ్చినంక ఎవ్వలు పిలువలే."

మైకతను మళ్లీ నావైపే చూశాడు.