అడగొద్దన్నది అడిగి వచ్చాను

నారాయణఖేడ్ వైపు నేను వెళ్లింది గుడికో కోటకో కాదు, ఒక మనిషిని చూడటానికి. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాదగిరిది సిర్గాపూర్ దగ్గర పల్లె. వాళ్ల ఊళ్లో బస్వరాజ్ అనే ఆయన కూలిపనికని పట్నం వచ్చి, ఏళ్ల తరబడి జాడ లేకుండా పోయాడట. ఒక మధ్యాహ్నం తిరిగొచ్చి, ఏమీ జరగనట్టు బర్రెకు గడ్డి వేశాడట. "ఏడున్నడో ఎవ్వలకు తెల్వది సార్. ఎవ్వలు అడుగరు గూడ," అన్నాడు యాదగిరి. ఆ మాట నన్ను వదల్లేదు. అన్నేళ్లు ఏమైపోయాయి? సొంతవాళ్లయినా ఎందుకు అడగరు? నేను అడిగితే చెబుతాడేమో అనిపించింది. ప్రయాణాల్లో కొత్తవాళ్లు నాతో మనసు విప్పుతారని నాకు కాస్త గర్వం కూడా ఉంది.

పొద్దున్నే పట్నంలో ఆర్టీసీ బస్సెక్కితే సంగారెడ్డి, జోగిపేట మీదుగా పదకొండు లోపే నారాయణఖేడ్ చేరాను. ఛార్జీ రెండు వందలు దాటలేదు. డిపో బయట పల్లెలకు వెళ్లే ఆటోలు వరసగా ఉంటాయి. షేర్ ఆటో నిండేదాకా ఆగలేక, మల్లేశ్ అనే డ్రైవర్‌తో పోనూ రానూ మాట్లాడుకున్నాను. దారికి రెండు వైపులా కంది చేలు, మధ్యలో ఎర్రటి దున్నిన నేల. ఎవరి కోసమో చెప్పగానే మల్లేశ్ అద్దంలోంచి నన్ను చూశాడు. "రొట్టెలు తిననీకి వోతున్నవా, ఆయనను చూడనీకా?" అన్నాడు. రొట్టెలకే అన్నాను.

బస్వరాజ్ భార్య తుల్జమ్మ ఇంటిముందే రేకుల పందిరి కింద జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. ఆయన ఓ మూల కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. సన్నటి మనిషి, నెరిసిన గడ్డం. పుంటికూర పప్పుతో వేడి రొట్టె పెడుతూనే ఆమె నా చూపు కనిపెట్టింది. "అన్నా, ఆయనను ఏం అడగకు. తిను," అంది మెల్లగా. సరేనన్నాను. ఆమె పిండి కోసం లోపలికి వెళ్లగానే ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బల్ల మీద బోర్లించాను. "అన్నా, అన్నేళ్లు ఎక్కడున్నారు?" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. కత్తి తుడిచి పక్కన పెట్టాడు. చెప్పులేసుకుని రోడ్డు మీదికి నడిచి వెళ్లిపోయాడు.

తుల్జమ్మ బయటికొచ్చి ఖాళీ పీట చూసింది. "ఏమన్న అడిగినవా?" అంది. లేదన్నాను. ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. ఆమె వట్టి కాళ్లతో రోడ్డు మీదికి పరిగెత్తింది. వెనక పొయ్యి మీద రొట్టె మాడుతోంది. మల్లేశ్ ఆటో తీస్తూ, "గప్పుడు పట్నం గూడ గిట్లనే చెప్పులేస్కొని పోయిండంట. జల్దీ ఎక్కు," అన్నాడు. దారిలో ఆమెను ఎక్కించుకున్నాం. ఆమె ముఖంలోకి చూడలేక, "నేనే అడిగానమ్మా," అన్నాను.

"ఎర్కే," అంది.

కల్హేర్ వైపు వెళ్లే రోడ్డు మీద, బస్సులు ఆగే చోట రాతి దిమ్మ మీద కూర్చుని ఉన్నాడు. తుల్జమ్మ ఏడవలేదు, కేకలెయ్యలేదు. పక్కన కూర్చుంది. "ఇంటికి పోదమా?" అంది. ఇద్దరూ రోడ్డునే చూశారు. పట్నం బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. అప్పుడాయన లేచాడు. నా ముందు నుంచి వెళ్తూ ఆగి, నేల చూస్తూ అన్నాడు: "నాకే యాది లేదు సార్. యాదుంటే దీనికి చెప్పకపోదునా?"

తుల్జమ్మ కాళ్లు ఆగిపోయాయి. ఇన్నేళ్లూ ఆయన ఏదో దాస్తున్నాడనే అనుకుందో ఏమో. ఆ మాట ఆమె బరువు దించిందో, ఇంకొంత మోపిందో నాకు తెలియలేదు. ఆమె కొంగుతో ఆయన భుజం మీది దుమ్ము దులిపింది. ఇద్దరూ ఆటో ఎక్కారు. నేను వెనకాల నడిచి వెళ్లాను. నడుస్తూనే రికార్డింగ్ చెరిపేశాను.

తెలుసుకోవాలనుకోవడం మంచి గుణమనే ఇన్నాళ్లూ నమ్మాను. ఆ గుణమే నన్ను ఇన్ని ఊళ్లు తిప్పింది. కానీ ఆయనకే చేతికందని ఆ ఏళ్లను నేను ఫోన్‌లో పట్టుకుపోదామనుకున్నాను. ఆ ఇంట్లో వాళ్లు అడగకుండా బతకడం నేర్చుకున్నారు. నేను ఒక పూట కూడా ఆగలేకపోయాను. సెలవు తీసుకుంటున్నప్పుడు క్షమించమన్నాను. తుల్జమ్మ తల కూడా ఎత్తకుండా, "పో అన్నా, చీకటైతది," అంది.

అటు వెళ్లేవాళ్లకు ఒక మాట: పొద్దుగూకాక పల్లెల నుంచి నారాయణఖేడ్‌కు ఆటోలు దొరకడం కష్టం, తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి. పేర్లు మార్చి రాశాను. ఆ పల్లె ఏదో కామెంట్లలో అడగొద్దు, చెప్పను.